తలుపు పట్టని కారు

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని పెద్దల మాట. పాత కార్ల సంగతిలో నేను నేర్చుకొన్న మాట ఒకటి వున్నది: తలుపు చూచి బండిని చూడవలెను. రంగు మెరుస్తుంది, ఇంజను ఉరుముతుంది, సీట్ల తోలు కొత్త వాసన వేస్తుంది. ఇవన్నీ డబ్బు పెడితే వచ్చేవే. కాని తలుపు చేత ఎక్కువ రోజులు అబద్ధం ఆడించడం ఎవరి తరమూ కాదు. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చేయరాని సంతకం ఒకటి చేసి నేర్చుకొన్నాను. ఆ తప్పు చెప్పుకొంటూ, దానివల్ల తెలిసిన పని సంగతులు నాలుగు చదువరులకు మనవి చేస్తాను.

మా కుటుంబం కోయంబత్తూరుకు వచ్చి అయిదు తరాలయినది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నేను పదో తరగతి ప్యాసై, మిల్లు సామాన్లు అమ్మే ఒక కంపెనీలో లెక్కలు రాసే గుమాస్తాగా వున్నాను. నాకు కారు లేదు. ఒక పాత స్కూటరు వున్నది. అయినా యీ ఊళ్లో పుట్టినవాడికి యంత్రాల మీద మక్కువ లేకుండా వుండడం కష్టం. జి. డి. నాయుడుగారి ఊరు కదా! వారి పేర నడిచే ధర్మసంస్థవారు 2015లో పాత కార్లకు ప్రత్యేకం ఒక ప్రదర్శనశాల తెరిచారు. పిల్లలను తీసుకొని నేను రెండు మూడు సార్లు చూచి వచ్చాను.

మా యజమానిగారి ఇంట ఒక కారు వున్నది. 1967 నాటి ఎం.జి.బి.; ఇద్దరు కూర్చునే, పైకప్పు లేని స్పోర్ట్సు కారు. నీలగిరి తేయాకు తోటలో మేనేజరుగా వుండిన ఒక దొర స్వదేశం వెళ్లిపోతూ అమ్మగా, మా యజమాని తండ్రిగారు కొన్నారు. ఆయన పోయిన తరువాత బండి షెడ్డులో దుప్పటి కప్పుకొని చాలా ఏళ్లు నిలిచిపోయినది. 2017లో యజమానిగారు దానిని మళ్లీ నడిపించాలని సంకల్పించి, పొరుగూరి వర్క్‌షాపు ఒకదానికి పంపారు. ఆ వర్క్‌షాపు పేరు ఇక్కడ అక్కర లేదు.

నేను చేసిన సంతకం

2018 వేసవిలో బండి తిరిగి వచ్చినది. ఎర్రరంగు అద్దంలా వున్నది. ఆ రోజు యజమానిగారు ఊళ్లో లేరు. వర్క్‌షాపు మనిషి నాలుగు లక్షల చిల్లర బిల్లు నా బల్ల మీద పెట్టి, పని అందినట్లు సంతకం చేయమన్నాడు. నేను బండి చుట్టూ ఒకసారి తిరిగాను. అద్దాలు చూచాను, లైట్లు చూచాను, హారను కొట్టి చూచాను. బిల్లులో కూడిక సరిచూచాను. ఇరవై ఏళ్లుగా కూడికలు సరిచూడడమే నా పని కదా! 'పని తృప్తికరము' అని రాసి సంతకం పెట్టాను. డబ్బు వెళ్లిపోయినది.

తలుపు తీసి చూచానా? చూచాను. ఎడమ తలుపు మూయడానికి కొంచెం పైకెత్తి గట్టిగా తోయవలసి వచ్చినది. 'కొత్త రబ్బరు సార్, నెల రోజుల్లో అణుగుతుంది' అన్నాడా మనిషి. నేను నమ్మాను. ఆ మాటలో సగం నిజం లేకపోలేదు, అందువల్లనే మోసపోయాను.

ఆ సంవత్సరం ఆయుధ పూజ నాడు బండికి పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, యజమానిగారు తమ తల్లిగారిని పక్కన కూర్చోబెట్టుకొని కోనియమ్మన్ గుడికి బయలుదేరారు. ఆమెకు అప్పటికి 82 ఏళ్లు. నేను స్కూటరు మీద వెనకాల వెళ్లాను. గుడి ముందు రద్దీలో ఒక చక్రం మిట్ట మీద, ఒకటి పల్లంలో పడేటట్లు బండి ఆగినది. పెద్దమ్మగారు దిగబోతే తలుపు రాలేదు. లోపలినుంచి లాగారు, బయటినుంచి నేను లాగాను. బిగిసిపోయినది. చివరికి పూలకొట్టులో ఒక స్టూలు అడిగి తెచ్చి, పైకప్పు లేని బండి గనుక, ఆమెను తలుపు మీదుగా ఎత్తి దింపవలసి వచ్చినది. జనం చుట్టూ నిలబడి చూశారు. కొందరు ఫోనుల్లో పటం పట్టారు.

ఆమె చీర సర్దుకొని, ఒక్క మాట అన్నారు: 'అబ్బాయీ, మీ నాయన వున్నప్పుడు యీ తలుపు నేనే తీసుకొని దిగేదాన్ని.' యజమానిగారు నన్నేమీ అనలేదు. అనివుంటే బాగుండేది. నా సంతకం వున్న బిల్లు ఇనప్పెట్టెలో వున్న సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

గోడ కుంగితే తలుపు చెక్కరాదు

మా వీధి చివర ఒక టింకరింగు మేస్త్రీ వున్నారు. వయసు డెబ్బై దాటినది. తెలుగువారే. బస్సుల బాడీలు కట్టిన చేయి. మరునాడే వెళ్లి సంగతి చెప్పాను. ఆయన బండి చూడకముందే ఒక ప్రశ్న వేశారు.

'ఏమప్పా కణక్కుపిళ్ళా, నువ్వెప్పుడన్నా ఇల్లు కట్టినావా?'

'లేదు మామా, బాడుగ ఇల్లే.'

'బాడుగ ఇంటికైనా తలుపు వుంటుంది కదప్పా. గోడ కుంగితే తలుపు ఏమవుతుంది?'

'పట్టేస్తుంది మామా.'

'అప్పుడు తలుపు చెక్కుతావా, గోడ చూస్తావా?'

ఆ ఒక్క ప్రశ్నలో యీ వ్యాసం సారమంతా వున్నది. మన ఇళ్లలో వానాకాలం తలుపు బిగిస్తే వడ్రంగిని పిలిచి రెండు సార్లు చిత్రిక పట్టించుకొంటాము. చెక్క ఉబ్బినందువల్ల బిగిస్తే అది సరే. కాని గడప కుంగి ద్వారబంధం ఒరిగినందువల్ల తలుపు పట్టేస్తే, ఎంత చిత్రిక పట్టినా మరుసంవత్సరం మళ్లీ పడుతుంది. కారు తలుపుదీ ఇదే కథ. ఇంగ్లీషువారు తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే భాగాన్ని సిల్ అంటారు. ఆ మాటకు అర్థం గడప అనే.

ఈ బండిలో గడప సామాన్యమైనది కాదు. ఎం.జి. అంటే మోరిస్ గరాజెస్. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు దగ్గర ఆబింగ్‌డన్ అనే ఊళ్లో వారి కర్మాగారం వుండేది. అక్కడ 1955 నుంచి 1962 దాకా చేసిన ఎం.జి.ఏ. కారుకు అడుగున ప్రత్యేకం ఒక ఇనుప ఛాసిస్ వుండేది. దాని మీద బాడీ కూర్చోబెట్టేవారు. 1962లో వచ్చిన ఎం.జి.బి.కి విడి ఛాసిస్ తీసేశారు. రేకులను మడచి, పెట్టెలుగా చేసి, అతికి, బాడీయే బలమయ్యేటట్లు కట్టారు. 1980లో ఆ కర్మాగారం మూసేదాకా అయిదు లక్షలకు పైగా యీ బండ్లు తయారయినవి.

మూత వున్న అట్టపెట్టెను మెలిపెట్టి చూడండి, కదలదు. మూత తీసేసి మెలిపెట్టండి, వంగిపోతుంది. పైకప్పు లేని కారు మూత లేని పెట్టె. 1965లో వచ్చిన ఎం.జి.బి. జి.టి.కి కప్పు వున్నది గనుక అది కొంత భారం మోస్తుంది. కప్పు లేనిదానికి ఆ భారమంతా నేల మీదా, రెండు గడపల మీదా పడుతుంది. ఆ గడపలో లోపల ఒక రేకు, నడుమ నిలువుగా ఒక రేకు, బయట ఒక రేకు చేరి మూసిన పెట్టెలాగా వుంటాయి. బయటికి కనిపించేది ఒక్కటే. అంతేకాదు, కనిపించే గడప తలుపు వున్నంత మేరే. అసలు గడప ముందు మడ్‌గార్డు లోపలికీ, వెనక మడ్‌గార్డు లోపలికీ సాగుతుంది.

ముందు చక్రం చిమ్మే బురద మడ్‌గార్డు వెనక అడుగున పేరుకొంటుంది. తడి ఆరదు. తుప్పు లోపలినుంచి తింటూ వస్తుంది. నీలగిరి వానల్లో తిరిగిన బండికి ఇక చెప్పేదేమున్నది?

మేస్త్రీ రోగం పట్టిన విధం

మేస్త్రీ వచ్చి ముందుగా బండిని చదునైన చోట పెట్టించారు. నేల మట్టం రసమట్టంతో చూచుకొన్నారు. తలుపు తీసి, వెనక కొస పట్టుకొని పైకీ కిందికీ ఊపి చూచారు. అలా ఊపినప్పుడు కొస ఆడితే మడతబందుల్లోని పిన్నులు అరిగినవని అర్థం. పిన్నులో, బందులో మార్చకుండా మిగతా సర్దుబాటు చేయడం దండగ. మా బండి బందులు ఆడలేదు. తలుపు పైరేకు మీద, ముందున్న చిన్న త్రికోణపు అద్దం మొదట్లో చీలిక వున్నదేమో కూడా చూచారు. ఎం.జి.బి. తలుపులకు అక్కడ చీలడం ఒక అలవాటట. అదీ లేదు.

తరువాత సందులు కొలిచారు. కొలిచేందుకు ఆయన తెచ్చినవి డ్రిల్లు బిట్లు. 4 మిల్లీమీటర్ల బిట్టు కాడ సందులో దూర్చి చూస్తే, కొలబద్ద కన్న నయంగా తెలుస్తుంది. ఈ కాలపు కార్లకు సన్నని సందు వుంటుంది గాని, ఆ నాటి ఇంగ్లీషు బండ్లకు 4 నుంచి 5 మిల్లీమీటర్లు, అనగా అంగుళంలో పదహారింట మూడు వంతుల దగ్గర, చుట్టూ సమంగా వుంటే బాగున్నట్లే లెక్క. మా ఎడమ తలుపు వెనక సందులో పైన 4 బిట్టు దూరలేదు. కింద 8 బిట్టు వదులుగా ఆడినది.

'చూడప్పా, పైన మూసుకొని కింద నోరు తెరిచింది. అంటే ఏమి?'

నాకు తెలియలేదు. ఆయన ఒక పలక మీద గీసి చూపారు. బండి బరువు రెండు కొసలా చక్రాల మీద ఆనుతుంది. నడుమ వున్న గడప బలహీనమైతే నడుము కుంగుతుంది. నడుము కుంగితే తలుపుకు ముందున్న నిలువు కంబమూ, వెనకున్న కంబమూ తలలు ఒకదాని వైపు ఒకటి వాలుతాయి. అందువల్ల సందు పైన ఇరుకవుతుంది, కింద వెడల్పవుతుంది. ఇద్దరు మనుషులు కూర్చుంటే ఇంకా కుంగి తలుపును పట్టేస్తుంది. గుడి ముందు జరిగినది అదే.

ఆ మాట నిజమో కాదో చూడడానికి, నడుమ భాగంలో అడుగున అడ్డంగా బలమైన చెక్క పెట్టి, జాకీతో కొంచెం కొంచెం లేపారు. చక్రాలు నేల విడవలేదు. కాని తలుపు పైసందు మా కళ్ల ముందే తెరుచుకొన్నది. అంతవరకు బిగిసిన తలుపు వేలితో తోస్తే పడినది. బలంగా వున్న బండికి ఇంతపాటి జాకీకి సందు మారరాదు. ఆయన జేబులోంచి ఒక అయస్కాంతం తీసి గడప పొడుగునా జరిపారు. రెండు చోట్ల అది అంటుకోలేదు. కింద వున్నది పుట్టీ.

రంగు గీకి, ముందు మడ్‌గార్డు విప్పి చూచాము. ఈ బండికి ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవే, విప్పవచ్చును. లోపల పాత గడప తుప్పు పట్టి అప్పడంలా వున్నది. దాని మీద కొత్త రేకు ఒకటి ముసుగులా కప్పి అతికారు. అదీ తలుపు వున్నంత మేరకే. మడ్‌గార్డు లోపలికి పోనేలేదు. పని చేసేటప్పుడు బండి నడుముకు ఊతం పెట్టలేదు. కుంగిన నడుమును కుంగినట్లే అతికి, సందులు అందంగా కనబడడానికి తలుపు అంచులు రాచి, పుట్టీ పూశారు. నా నాలుగు లక్షల 'తృప్తికరము' అదీ.

సరిచేసిన క్రమం

యజమానిగారు ఒప్పుకొన్నారు. పని అయిదు నెలలు పట్టినది. సెలవు రోజుల్లో నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. మొదట కుతూహలం కాదు, ప్రాయశ్చిత్తం. తరువాత కుతూహలమే.

మొదటి సూత్రం: ఊతం పెట్టకుండా గడప కోయరాదు. బండిని ముందు వెనక చక్రాల బరువు ఆనే చోట్ల దిమ్మల మీద మట్టంగా నిలిపి, నడుమును జాకీతో లేపి, తలుపు సందు పైనా కిందా సమమయ్యేదాకా తెచ్చారు. అప్పుడు లోపలి వైపున, ముందు కంబంనుంచి వెనక కంబానికి కోణపు కడ్డీలు అడ్డంగా అతికి బిగించారు. కడ్డీలు లోపలి వైపున వుంటే తలుపు వేసి తీసి చూడడానికి అడ్డం రావు. ఆపైన ఒక వైపు గడప పూర్తి చేసిన తరువాతనే రెండో వైపు ముట్టుకొన్నారు.

రెండో సూత్రం: తలుపు పక్కన పెట్టి గడప అతకరాదు. కొత్త రేకులు మొదట అక్కడక్కడ చుక్క వెల్డింగుతో నిలిపి, తలుపు తగిలించి సందు చూచి, సరిపోతేనే పూర్తి వెల్డింగు. అదీ ఒకే చోట అదేపనిగా కాదు. ఇక్కడ అంగుళం, అక్కడ అంగుళం. వేడికి రేకు లాగుతుంది గనుక. ఎన్నిసార్లు తలుపు పెట్టి తీశారో నేను లెక్క పెట్టడం మానుకొన్నాను.

గడపలు బలపడిన తరువాతనే తలుపు సర్దుబాటు మొదలయినది. అందుకు ముందు తలుపు చుట్టూ వుండే రబ్బరూ, గడియా, గడియను పట్టే స్ట్రైకరూ తీసేశారు. తలుపు కేవలం బందుల మీద వేలాడవలెను. రబ్బరు నెట్టినా, గడియ లాగినా అసలు స్థితి తెలియదు.

తరువాత వెనక సందు. ఈ బండికి వెనక మడ్‌గార్డు బాడీతో అతికినది, కదలదు. ముందుది బోల్టులతో బిగించినది, కదులుతుంది. కావున తలుపును మొదట కదలనిదానికి సరిపెట్టి, ఆ తరువాత కదిలే ముందు మడ్‌గార్డును తలుపుకు సరిపెట్టవలెను. ఈ వరస తిరగేసినవాడు సంవత్సరమంతా తిప్పుతూనే వుంటాడని మేస్త్రీ నవ్వారు.

ఇక ఎత్తు పల్లాలు. బోల్టులు కొంచెం వదులు చేస్తే బందు కొద్దిగా జరుగుతుంది. మొత్తం తలుపు పైకి కిందికి జరపడానికీ, రేకు మట్టానికి లోపలికి బయటికి జరపడానికీ ఆ చోటు చాలును. తలుపును మొత్తంగా వెనక్కు జరపవలెనంటే కంబానికీ బందుకూ నడుమ పలుచని రేకు ముక్కలు పెడతారు. ఇంగ్లీషులో షిమ్ అంటారు. మనవాళ్లు ప్యాకింగు అంటారు.

ఇక్కడ నా లెక్కల బుర్రకు పని దొరికినది. ప్యాకింగు రెండు బందులకూ పెడితే తలుపు వెనక్కు జరుగుతుంది. కింది బందుకు మాత్రమే పెడితే? తలుపు అడుగు వెనక్కు నెట్టబడి, వెనక కొస పైకి లేస్తుంది. పై బందుకు మాత్రమే పెడితే వెనక కొస దిగుతుంది. ఎంత లేస్తుందన్నది చిన్ననాటి త్రైరాశికమే. రెండు బందుల నడుమ దూరం ఒక అడుగు, బందులనుంచి వెనక కొసకు మూడు అడుగులు అనుకోండి. ఒక మిల్లీమీటరు ప్యాకింగుకు కొస మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. కాబట్టి రేకు ముక్క ఎంత పలుచనో అంత ఓర్పు కావలెను. నేనా లెక్క కాగితం మీద వేసి చూపితే మేస్త్రీ అన్నారు: 'పేపరు లేకుండా నేను నలభై ఏళ్లుగా చేసింది ఇదేనా అప్పా!'

తలుపు మొత్తం సరిగ్గా వుండి, పైమూల బయటికీ కిందిమూల లోపలికీ వున్నదంటే బందు తప్పు కాదు, తలుపే మెలిక తిరిగినది. అప్పుడు లోపలికి పోయిన మూల దగ్గర తలుపుకూ కంబానికీ నడుమ చెక్కముక్క పెట్టి, బయటికి వచ్చిన మూలను అరచేతులతో నిదానంగా నొక్కవలెను. రేకు కొంచెం కొంచెంగా మాట వింటుంది. సుత్తి పట్టినవాడు రంగూ పోగొట్టుకొంటాడు, రేకూ పోగొట్టుకొంటాడు.

రబ్బరు మళ్లీ వేసినప్పుడు తలుపు బయటికి పొడుచుకు వస్తే, తగిన రబ్బరు వెతకవలెను గాని బందు కదపరాదు. ఆ వర్క్‌షాపు మనిషి చెప్పిన సగం నిజం ఇదే: కొత్త రబ్బరు నిజంగానే కొంత అణుగుతుంది. కాని రబ్బరు తలుపును బయటికి నెడుతుందే తప్ప, కింద కుంగదీయదు. 'ఎత్తి మూయవలసిన తలుపు'కు రబ్బరు సాకు చెల్లదు. ఆ ఒక్క సంగతి అప్పుడు నాకు తెలిసివుంటే సంతకం చేసేవాణ్ణి కాను.

అన్నిటికన్న చివరది స్ట్రైకరు. తలుపును మెల్లగా మూస్తూ, గడియ పట్టుకొనే క్షణంలో తలుపు లేస్తున్నదా, దిగుతున్నదా చూడవలెను. రెండూ కారాదు. గడియ తలుపును పట్టుకోవలెను గాని మోయరాదు. దిగిన తలుపును స్ట్రైకరు మీదికి ఎక్కించి 'సరిపోయినది' అనేవారున్నారు; అలా చేస్తే గడియా అరుగుతుంది, దారి మధ్యలో తలుపు తెరుచుకొనే అపాయమూ వున్నది.

ఇదంతా రంగు వేయకముందు జరిగినది. రంగు పొరలు రెండు అంచులమీదా చేరి సందును కొంత తింటాయి గనుక ఆ మేరకు విడిచిపెట్టారు. రంగుకోసం తలుపు విప్పేముందు, బందులోనుంచి కంబంలోకి సన్నని రంధ్రం ఒకటి తొలిచారు. తిరిగి బిగించేటప్పుడు ఆ రంధ్రంలో మేకు దూర్చితే తలుపు తన పాత చోటికే వస్తుంది. చిన్న ఉపాయమే గాని మూడు రోజుల పని మిగిల్చినది.

వేరే బండ్ల సంగతి

అన్ని బండ్లకూ ఒకే వైద్యం పనికిరాదు. 1945 నుంచి 1949 దాకా చేసిన ఎం.జి. టి.సి. వంటి వాటిలో రేకు కింద యాష్ కర్రతో చేసిన చట్రం వుంటుంది. తలుపుల బందులు వెనక వైపున. అక్కడ తలుపు దిగినదంటే కర్ర కీళ్లు వదులయ్యాయో, చివికాయో అని చూడవలెను. అది నిజంగా వడ్రంగి పనే.

విడి ఛాసిస్ వున్న ట్రయంఫ్ స్పోర్ట్సు కార్లలో బాడీకీ ఛాసిస్‌కూ నడుమ ప్యాకింగులుంటాయి. తలుపు పైసందు ఇరుకుగా వుంటే నడుమనున్న చోట్ల ప్యాకింగు పెంచుతారు. పైసందు మరీ వెడల్పుగా వుంటే తగ్గిస్తారు. జాకీ చేసిన పనే ప్యాకింగు శాశ్వతంగా చేస్తుందన్నమాట. మన పెద్దవారిలో చాలామందికి స్టాండర్డ్ హెరాల్డ్ జ్ఞాపకం వుంటుంది; 1961 నుంచి మద్రాసు దగ్గర తయారయిన కారు. అది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డే. ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సు కారు తెచ్చారు. కావున హెరాల్డ్ బాగుచేసిన పాత మేస్త్రీ మీ ఊళ్లో వుంటే, ఆయనకు యీ విద్య సగం వచ్చినట్లే.

ఎం.జి.బి.కి 1988 నుంచి ఇంగ్లండులో పాత అచ్చులతోనే కొత్త బాడీలు కూడా చేసి అమ్ముతున్నారు. మనకు ఆ ఖర్చూ సుంకమూ తట్టుకొనేవి కావు. మన మేస్త్రీల చేతులే మనకు దిక్కు. వారు వయసు మళ్లిపోతున్నారు.

సంతకం పెట్టే ముందు

పాత బండి కొనేవారికిగాని, బాగుచేయించి తెచ్చుకొనేవారికిగాని నా మనవి ఇది. రంగు చూడకముందు తలుపు సందు చూడండి. పైనా కిందా ఒకటేనా? తలుపు కొస పట్టి ఎత్తి చూడండి, ఆడుతున్నదా? ఇద్దరిని బండిలో కూర్చోబెట్టి తలుపు తీసి వేయండి, అంతకుముందులాగే పడుతున్నదా? గడప పొడుగునా అయస్కాంతం జరపండి. గడప పని చేయించేటప్పుడు ఊతం ఎక్కడ పెడతారని ముందే అడగండి. సరిగా జవాబు చెప్పనివారికి బండి వదలవద్దు. ఇవన్నీ పది నిమిషాల పని. చదువు అక్కర లేదు, కొంచెం మొహమాటం విడిచిపెడితే చాలును.

2019 ఉగాది నాడు పచ్చడి తిన్న తరువాత పెద్దమ్మగారిని మళ్లీ బండి ఎక్కించారు. ఈసారి వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. బండి ఇంటి ముందు, కావాలనే, ఒక చక్రం మిట్ట మీద వుండేటట్లు మేస్త్రీ ఆపించారు. నేను స్టూలు పట్టుకొని సిద్ధంగా నిలబడ్డాను. ఆమె నా వైపు చూచి, రెండు వేళ్లతో తలుపు తీసుకొని, దిగి, తిరిగి వేశారు. టక్కున ఒక్క చప్పుడు. 'స్టూలు లోపల పెట్టెయ్యి నాయనా' అన్నారు.

మేస్త్రీగారి బిల్లు నా బల్ల మీదికే వచ్చినది. కూడిక సరిచూచాను. ఆపైన లేచి షెడ్డులోకి వెళ్లి, రెండు తలుపులూ మూడేసి సార్లు తీసి వేసి, 4 బిట్టు చుట్టూ జరిపి చూచి వచ్చి, అప్పుడు సంతకం పెట్టాను. ఆ బిట్టు ఇప్పటికీ నా సొరుగులో, రబ్బరు స్టాంపుల పక్కన వున్నది.